మొండిచెయ్యి చూపించిన మట్టిమనిషి

(ఒక కళాసభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. నా పరిచయం కాస్త పొడుగైంది, ఆ నిమిషాలు నా ప్రసంగంలోంచే తగ్గించుకుంటాను. సూటిగా విషయంలోకి వెళ్దాం.

తెర మీదున్న బొమ్మ చూడండి. చేతిలో పట్టేంత మట్టిబొమ్మ. గుండ్రటి మొహం, దవడల వెంట గడ్డం, తల మీద టోపీ, పల్లెటూరి రైతు బట్టలు. పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఒక చెయ్యి పిడికిలి బిగించి పైకి లేపాడు, రెండో చేతిని ఆ మోచేతి మడతలో పెట్టాడు. దక్షిణ యూరప్‌లో ఈ సైగకు అర్థం ఎవరినీ అడగక్కర్లేదు. సభామర్యాద పాటించి చెప్పాలంటే, 'పోవోయ్, నీకిచ్చేదేం లేదు' అని. పోర్చుగల్‌లో దీన్ని మంగీతు అంటారు. బొమ్మ మీద రాసింది ఏమిటంటే: 'అరువు కావాలా? ఇదిగో, తీసుకో!'

మ్యూజియంలో అద్దం వెనక పెట్టడానికి చేసిన వస్తువు కాదిది. దుకాణాల్లో గల్లాపెట్టె పక్కన ఉండేది. మన కొట్లలో 'అరువు రేపు' అని రాసిన అట్టముక్క వేలాడుతుంది చూశారూ, ఆ పనే ఇదీ చేస్తుంది, కాకపోతే కాస్త మొరటుగా. (నవ్వులు)

ఈ మట్టిమనిషి పేరు జే పొవిన్యు. జే అంటే జోసెఫ్‌కి ఇంట్లో పిలుచుకునే పేరు, పొవిన్యు అంటే చిన్నాచితకా జనం. సృష్టించినవాడు రఫాయెల్ బొర్దాలు పిన్యైరు. 1846లో లిస్బన్‌లో పుట్టి 1905లో అక్కడే పోయాడు. వృత్తికి కార్టూనిస్టు, పత్రికలు పెట్టాడు, మూశాడు, మళ్లీ పెట్టాడు. నలభై ఏళ్లకు కాస్త ముందు మట్టి పట్టుకున్నాడు. ఆయన జీవితకాలంలోనే పోర్చుగల్ అప్పుల్లో నిండా మునిగి, విదేశీ అప్పులకు వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. ఆ కథంతా ఆయన కాగితం మీద గీశాడు, మట్టిలో పోశాడు. ఇవాళ నేను చూడదలచుకున్నది ఆ చేతిని. అది మొదట ఎవరి మీదకు లేచింది, ఆఖరికి ఎవరి వైపు తిరిగింది అన్నదే నా ప్రశ్న.

జే పొవిన్యు పుట్టినప్పుడు ఆ చెయ్యి లేవలేదు. ఇది 1875 జూన్ 12న 'ఎ లాంతెర్న మాజిక' అనే పత్రికలో వచ్చిన కార్టూన్. జూన్ 13 సెయింట్ ఆంథోనీ పండగ. లిస్బన్‌లో ఆ రోజుల్లో పిల్లలు వీధుల్లో చిన్న చిన్న పీఠాలు కట్టి, సాధువు బొమ్మ పెట్టి, దారిన పోయేవాళ్లను 'సెయింట్ ఆంథోనీకి ఓ కాసు వెయ్యండి బాబూ' అని అడుగుతారు. బొర్దాలు ఆ పీఠమే వేశాడు. సాధువు స్థానంలో ప్రధానమంత్రి ఫోంతెస్ పెరైరా ద మెలు. సాధువు చేతిలో ఉండాల్సిన బాల యేసు స్థానంలో రాజు లూయీష్. పళ్లెం పట్టుకుని చందా అడిగేవాడు ఆర్థికమంత్రి సెర్పా పిమెంతెల్. పక్కనే, ఇవ్వకపోతే చూసుకుందాం అన్నట్టు, పోలీసు బలగం అధికారి. వీళ్లందరి ముందు నిలబడి బుర్ర గోక్కుంటున్నాడు మన జే. పన్ను కట్టమంటున్నారని తెలుసు, దేనికో తెలియదు. అయినా జేబులో చెయ్యి పెట్టాడు.

గమనించండి, ఇందులో జే పొవిన్యు మంచివాడు, తెలివితక్కువవాడు, రెండూ. కార్టూనిస్టుకు అతని మీద జాలి ఉంది, ఆ జాలి వెనకే చిరాకూ ఉంది. బొర్దాలు గురించి రాసేవాళ్లు చాలామంది ఆయన్ని 'ప్రజల గొంతు' అనేసి ఊరుకుంటారు. నాకు ఆ మాట పూర్తిగా నచ్చదు. తర్వాతి బొమ్మల్లో ఆయన జే వీపు మీద గాడిదకు కట్టే జీను కట్టాడు. మంత్రులు మారినా జీను మారదు. ఎక్కేవాణ్ని మాత్రమే వెక్కిరించి ఊరుకుంటే జీను గీయక్కర్లేదు. మోసేవాడికి కూడా ఓ చురక వేశాడన్నమాట.

ఈ ఫోంతెస్ ఎవరో కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. 1850ల నుంచి పోర్చుగల్‌లో రోడ్లు, వంతెనలు, టెలిగ్రాఫు తీగలు, రైళ్లు వచ్చాయంటే ఆయన చలవే. మొదటి రైలు 1856లో లిస్బన్ నుంచి కదిలింది. దేశానికి అవి అవసరమే, కాదనను. డబ్బు ఎక్కడిదంటే ఎక్కువగా లండన్ మార్కెట్లో బాండ్లు అమ్మి తెచ్చిన అప్పు. రైళ్లు నడిస్తే వ్యాపారం పెరుగుతుంది, వ్యాపారం పెరిగితే పన్నులొస్తాయి, పన్నులతో అప్పు తీరుతుంది అని లెక్క. వ్యాపారం పెరిగింది గానీ అనుకున్నంత పెరగలేదు. పాత అప్పు వడ్డీ కట్టడానికి కొత్త అప్పు. బొర్దాలు 1879లో పెట్టిన పత్రికకు 'ఓ ఆంతోనియు మరీయ' అని పేరు పెట్టాడు. ఆంతోనియు మరీయ అంటే ఈ ఫోంతెస్ గారి అసలు పేరే. అంతటి నాయకుణ్ని వెక్కిరించే పత్రికకు ఆయన పేరే పెట్టిన ధైర్యం చూడండి.

దేశాన్ని నిలబెట్టిన రెండో ఊతకర్ర బ్రెజిల్. వలస వెళ్లిన పోర్చుగీసు జనం అక్కడ సంపాదించి ఇంటికి పంపే డబ్బు. బొర్దాలుకు బ్రెజిల్ స్వయంగా తెలుసు, 1875 నుంచి 1879 దాకా రియో ద జనైరోలో ఉండి అక్కడి పత్రికల్లో కార్టూన్లు గీశాడు.

ఇక మట్టి దగ్గరకు వద్దాం. లిస్బన్‌కు ఉత్తరాన కాల్దాస్ ద రైన్యా అనే ఊరుంది. వేడినీటి బుగ్గల ఊరు, 15వ శతాబ్దంలో రాణి లియొనోర్ అక్కడ ఆసుపత్రి కట్టించింది. మంచి బంకమట్టి, తరతరాల కుమ్మరులు. అక్కడ 1884లో బొర్దాలు, ఆయన అన్నదమ్ముల్లో ఒకరైన ఫెలిసియాను కలిసి ఫయాన్స్ ఫ్యాక్టరీ పెట్టారు. ఫయాన్స్ అంటే పింగాణీ కన్నా తక్కువ వేడిలో కాలే మట్టి. కాల్చాక కూడా నీరు పీలుస్తుంది, అందుకని పైన గ్లేజ్, అంటే గాజులా మెరిసే పూత, వేసి మళ్లీ కాల్చాలి. కాల్దాస్ గ్లేజులు చూస్తే కళ్లు చెదురుతాయి. రాగితో ఆకుపచ్చ, మాంగనీసుతో గోధుమ, ఇనుముతో తేనెరంగు. బట్టీలో కరిగి ఒకదాంట్లోకి ఒకటి జారతాయి. ఆ ఫ్యాక్టరీలో క్యాబేజీ ఆకుల ఆకారంలో సూప్ గిన్నెలు చేశారు, గోడకు తగిలించే పిచ్చుక సైజు వానకోయిలలు చేశారు, పీతలు, కప్పలు, చేపలు, రోకలి కన్నా లావు కందిరీగలు చేశారు. (ఆ ఊరు ఇంకో రకం మట్టి వస్తువులకు కూడా ప్రసిద్ధి. ఈ సభలో పిల్లలున్నారు, ఆ స్లైడు తీసేశాను.) (నవ్వులు)

వీటి మధ్యలోనే మనుషుల బొమ్మలు. నశ్యం పీలుస్తున్న పూజారి. పోలీసు. పసిపిల్లను ఎత్తుకున్న దాది. 'మరీయ పసియెన్సియ', అంటే ఓపికమ్మ అనే ముసలావిడ. జే పొవిన్యు. కొన్నిటికి తల విడిగా చేసి, తాకితే ఊగేలా అమర్చారు. పూజారి తల ఊపుతాడు, పోలీసు తల ఊపుతాడు. అందరూ 'అలాగే, అలాగే' అంటూ ఉంటారు. కాగితం మీద ఇది చెయ్యలేం కదా.

మంగీతు బొమ్మను ఒకసారి దగ్గరగా చూద్దాం. నేను మట్టిపని నేర్పించే మనిషిని, నాకు ముందు చేతులే కనిపిస్తాయి. ఇలాంటి బొమ్మలు సారె మీద చెయ్యరు. మూల బొమ్మ ఒకటి చెక్కి, దాని మీద ప్లాస్టర్‌తో అచ్చు తీస్తారు, రెండు మూడు ముక్కలుగా. ప్రతి ముక్కలోనూ మట్టిని వేళ్లతో నొక్కి పరుస్తారు. అంచులకు జారుమట్టి పూసి కలుపుతారు. లోపల బోలుగా ఉండాలి, గాలి పోవడానికి ఎక్కడో చిల్లు ఉండాలి, లేకపోతే బట్టీలో పగిలిపోతుంది. ఈ పద్ధతిలో అన్నిటికన్నా పెద్ద తలనొప్పి చాచిన చెయ్యి. అచ్చులోంచి తీసేటప్పుడు విరుగుతుంది, ఆరేటప్పుడు వంగుతుంది, కాలాక ఎవరి చీర కొంగో తగిలినా ఊడిపోతుంది. అలాంటిది ఈ సైగలో ఏం జరుగుతోందో చూడండి. ఒక చెయ్యి పొట్ట మీదుగా వచ్చి రెండో మోచేతికి ఆనుకుంది. రెండు చేతులూ ఒంటికి కలిసిపోయాయి. మధ్యలో గాలి ఆడే సందే లేదు. పైకి లేచింది మోచేతి నుంచి పిడికిలి దాకా ఉన్న పొట్టి ముక్క ఒక్కటే, అదీ లావుగా. ఈ తిట్టుసైగ మట్టి కోసమే పుట్టినట్టుంది. వేలకొద్దీ పొయ్యొచ్చు, చవకగా అమ్మొచ్చు, బల్ల మీద నుంచి పడితే తప్ప విరగదు. ఆయన ఫ్యాక్టరీయే కాదు, తర్వాత కాల్దాస్‌లో ఎందరెందరో కుమ్మరులు దీన్ని తమ తమ రకాల్లో పోశారు.

సరే, 1890కి వద్దాం. వరసగా మూడు దెబ్బలు. ఆ ఏడు జనవరి 11న బ్రిటన్ పోర్చుగల్‌కు అల్టిమేటం ఇచ్చింది. ఆఫ్రికాలో అంగోలాకు, మొజాంబిక్‌కు మధ్య భూభాగం తనదంటున్న పోర్చుగల్‌ను సైన్యాన్ని వెనక్కి తీసుకోమంది. పోర్చుగల్ తీసుకుంది. లిస్బన్ వీధులు భగ్గుమన్నాయి. బొర్దాలు జాన్ బుల్‌ను, అంటే ఇంగ్లండుకు గుర్తుగా గీసే ఆ బొజ్జ మనిషిని, కాగితం మీదా మట్టిలోనూ దులిపేశాడు. మట్టిలో ఆయన్ని ఏ గదిలో వాడే పాత్రగా మలిచాడో నేను చెప్పను, మీరే ఊహించుకోండి.

ఇందులో ఒక తమాషా ఉంది. ఆ రోజుల్లో పోర్చుగల్‌లో చెలామణిలో ఉన్న బంగారు నాణేల్లో ఎక్కువ భాగం బ్రిటిష్ సావరిన్లే. 4,500 రెయిస్‌కు (రెయిస్ అంటే అప్పటి పోర్చుగల్ డబ్బు) ఒకటి చొప్పున చట్టబద్ధంగా చెల్లేవి. 1854లోనే, బ్రిటన్ తర్వాత యూరప్‌లో అందరికన్నా ముందు, పోర్చుగల్ బంగారు ప్రమాణంలోకి, అంటే డబ్బు విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతిలోకి, వెళ్లింది. అంటే వీధిలో ఇంగ్లండును తిట్టే మనిషి జేబులో ఇంగ్లండు రాణి తలే ఉంది. అప్పులిచ్చిందీ లండనే, బెదిరించిందీ లండనే.

రెండో దెబ్బ బ్రెజిల్ నుంచి. 1889 నవంబరులో అక్కడ రాచరికం పోయింది, ఆ తర్వాత స్టాకుల పిచ్చి ముదిరి, కరెన్సీ విలువ పడిపోయింది. వలస జనం పంపే డబ్బు సన్నగిల్లింది. మూడోది 1890 నవంబరులో లండన్‌లో బేరింగ్స్ బ్యాంకు కుప్పకూలబోవడం. అర్జెంటీనా అప్పుల్లో ఇరుక్కుంది ఆ బ్యాంకు. పోర్చుగల్ ప్రభుత్వానికి ఎప్పటికప్పుడు అప్పు సర్దేదీ అదే. ఆ కుళాయి కట్టేశారు.

1891 మేలో లిస్బన్‌లో బ్యాంకుల చెల్లింపులు వాయిదా వేశారు, నోట్లకు బంగారం ఇవ్వడం ఆపేశారు. బంగారం రాత్రికి రాత్రి మాయమైంది. వెండి కూడా దాక్కుంది. చివరికి చిల్లర దొరక్క టంకశాల 50 రెయిస్‌కు, 100 రెయిస్‌కు కూడా కాగితం ముక్కలు అచ్చేసింది. రొట్టె కొనడానికి వెళ్తే ఇచ్చేది కాగితం, పుచ్చుకునేది కాగితం. 1892 జూన్‌లో విదేశీ అప్పుల వడ్డీలో మూడో వంతు మాత్రమే కడతామని ప్రభుత్వం ప్రకటించింది. అప్పులవాళ్లతో రాజీ కుదరడానికి 1902 దాకా పట్టింది.

ఇప్పుడు ఆ గల్లాపెట్టె పక్క బొమ్మను ఈ వీధిలో పెట్టి చూడండి. చిల్లర లేదు. ఉద్యోగుల జీతాలకు కోత. అలాంటప్పుడు కొట్టుకు వచ్చే మనిషి ఏమడుగుతాడు? రాసుకోవయ్యా, తర్వాతిస్తాను అంటాడు. అడిగేది ఎవరు? మంత్రి కాదు, బాండ్ల వ్యాపారి కాదు. జే పొవిన్యులే. తన బొమ్మే తనకు మొండిచెయ్యి చూపిస్తోంది.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా చేదుగా ఉన్నది ఇదే. పన్నులు గుంజే ప్రభుత్వం మీద లేవాల్సిన చెయ్యి, పావు కిలో బియ్యం అప్పడిగేవాడి మీదకు లేచింది. ఇది బొర్దాలు ఉద్దేశమా అని వెతకడం నాకు పెద్దగా ఆసక్తి లేని పని. కార్టూన్ పత్రికలో ఉన్నంతకాలం ఎవరిని కొట్టాలో గీసినవాడు నిర్ణయిస్తాడు. పక్కనే మంత్రి బొమ్మ ఉంటుంది, కింద వ్యాఖ్య ఉంటుంది, తేదీ ఉంటుంది. అదే మనిషిని మట్టిలో పోసి విడిగా అమ్మారనుకోండి, ఎదురుగా ఎవరు నిలబడితే వాళ్లకే ఆ తిట్టు. కొన్నవాడు దాన్ని ఎటు తిప్పి పెడితే అటే. కొట్టువాడు దాన్ని గుమ్మం వైపు తిప్పాడు. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. ఆ కొట్టువాడు కూడా టోకు వర్తకుడి దగ్గర అప్పులో ఉన్నవాడే. నోటితో 'లేదు' అంటే మొహమాటం, ఇరుగుపొరుగు తగువులు. ఆ పని మట్టిబొమ్మకు అప్పగిస్తే అడిగినవాడూ నవ్వేసి వెళ్లిపోతాడు. పేదవాడు పేదవాడికి కాదనడానికి కాస్త మర్యాదైన దారి దొరికింది, అంత అమర్యాద బొమ్మతో.

ఇక బొర్దాలు సొంత జమాఖర్చులు. దేశం అప్పుల మీద ఇన్ని జోకులు వేసిన మనిషి ఫ్యాక్టరీ ఎలా నడిచిందనుకుంటున్నారు? ఎప్పుడూ డబ్బు ఇబ్బందే. మంచి కళాకారుడు, లెక్కల్లో చాలా చెడ్డవాడు. తను ఎగతాళి చేసిన ప్రభుత్వం ఇచ్చే పనుల మీద కూడా ఆధారపడ్డాడు. 1889 పారిస్ ప్రదర్శనలో, ఐఫిల్ టవర్ కట్టిన ఆ ప్రదర్శనలోనే, పోర్చుగల్ మంటపం అలంకరణ ఆయనదే. ఫ్రాన్స్ లెజియన్ ఆఫ్ ఆనర్ అనే పురస్కారం కూడా ఇచ్చింది. పోర్చుగల్‌లోని బుసాకు అడవిలో గుళ్ల కోసం క్రీస్తు శిలువయాత్ర దృశ్యాలను పెద్ద పెద్ద మట్టి విగ్రహాలుగా చేయమని ప్రభుత్వం ఆర్డరిచ్చింది. ఏళ్ల తరబడి చేశాడు, పూర్తి కాలేదు. చేసినవి ఇప్పుడు కాల్దాస్‌లోనే మ్యూజియంలో ఉన్నాయి, చూస్తే కార్టూనిస్టు చేశాడంటే నమ్మరు.

అన్నిటికన్నా విడ్డూరం బీథోవెన్ కూజా. ఒక సంపన్నుడి సంగీతపు గది కోసం మొదలుపెట్టాడు. చేస్తూ చేస్తూ 2.6 మీటర్ల ఎత్తయింది. దేవతలు, సంగీతవాద్యాలు, అలలు, ఆకులు, ఖాళీ జాగా అంటూ వదల్లేదు. గదికి పట్టలేదు. ఎవరూ కొనలేదు. దివాలా తీసిన దేశంలో రెండున్నర మీటర్ల కూజా ఎవరు కొంటారు చెప్పండి? ఓడ ఎక్కించి బ్రెజిల్ తీసుకెళ్లాడు, అక్కడా అమ్ముడుపోలేదు. చివరికి బ్రెజిల్ అధ్యక్షుడికి కానుకగా ఇచ్చేశాడు. ఇప్పుడు రియోలో జాతీయ లలితకళల మ్యూజియంలో ఉంది. నైపుణ్యం పరంగా వేలెత్తి చూపలేం. నాకు మాత్రం ఆ కూజా మొత్తం కలిపినా మంగీతు బొమ్మ పిడికిలికి సాటి రాదు. ఆయన వెక్కిరించిన రైల్వే అప్పుల్లాగే ఇదీ, ముందు కట్టేద్దాం, డబ్బు తర్వాత చూసుకుందాం అని మొదలైన పని. దీన్ని ఆయన చూడలేదా అంటే, తన కార్టూన్లలో తననే చాలాసార్లు వెక్కిరించుకున్నాడు. చూసే ఉంటాడు, ఆగలేకపోయి ఉంటాడు.

1900లో చివరి పత్రిక 'ఎ పరోదియ' మొదలుపెట్టాడు. అందులో ఒక జంతుశాల తెరిచాడు. రాజకీయం అంటే ఒక పెద్ద ఆడపంది, పిల్లల్లా దాని పాలు పీలుస్తున్న నాయకులు. ఆర్థికశాఖ పెద్ద కుక్క. పార్లమెంటు ప్రసంగాలు పెద్ద రామచిలుక. పొదుపు పొదిగే కోడిపెట్ట. వీటిని విప్పి చెప్పక్కర్లేదు కదా, ముందుకు వెళ్దాం. ఆ పంది బొమ్మ మాత్రం నేటికీ పోర్చుగల్ పత్రికల్లో ఎవరో ఒకరు వాడుకుంటూనే ఉంటారు.

మట్టిలో ఆర్థిక వ్యంగ్యం ఈయనతోనే మొదలు కాలేదని కూడా చెప్పాలి. 1720లో పారిస్, లండన్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో షేర్ల గాలిబుడగ పేలినప్పుడు డచ్చివాళ్లు షేర్ల పిచ్చోళ్లను ఎగతాళి చేసే బొమ్మలతో డెల్ఫ్ట్ నీలం పళ్లేలు చేశారు. మన కాలంలో చూస్తే బార్నబీ బార్ఫర్డ్ అనే బ్రిటిష్ కళాకారుడు 2015లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 'టవర్ ఆఫ్ బేబెల్' పెట్టాడు. ఆరు మీటర్ల ఎత్తు. బోన్ చైనా అనే పింగాణీతో చేసిన 3,000 చిన్న చిన్న దుకాణాల బొమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చినవి. ఒక్కోటీ లండన్‌లో ఉన్న అసలు దుకాణమే, సైకిల్ మీద తిరిగి ఫోటోలు తీసుకున్నాడు. అడుగున మూతబడ్డవి, చవక సరుకు కొట్లు. పైకి వెళ్లేకొద్దీ ఖరీదైన బ్రాండ్లు, శిఖరాన ఆర్ట్ గ్యాలరీలు, వేలం సంస్థలు. అసలు గమ్మత్తు ఏమిటంటే అవన్నీ అప్పట్లో అమ్మకానికే పెట్టాడు. అడుగువి 95 పౌండ్లు, పైవి 6,000 పౌండ్ల దాకా. సందర్శకుడు ఏ అంతస్తులో కొంటాడో అక్కడే తన స్థోమత తనే బయటపెట్టుకుంటాడు. చాలా తెలివైన పని. కానీ దాన్ని కొన్నవాడు ఇంటికెళ్లి అద్దాల బీరువాలో పెట్టుకుంటాడు, అక్కడితో ఆ వ్యంగ్యం పళ్లు ఊడిపోతాయి. గల్లాపెట్టె పక్క బొమ్మకు రోజూ డ్యూటీ ఉండేది.

ఇంకొక్క విషయం చెప్పి ఆపుతాను, తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను. బొర్దాలు పోయిన కొన్నేళ్లకే ఆయన ఫ్యాక్టరీ వేలానికి వెళ్లింది. కొడుకు మనుయెల్ గుస్తావు అదే ఊళ్లో మళ్లీ నిలబెట్టాడు. చేతులు మారుతూ మారుతూ వచ్చి 2008 ప్రపంచ సంక్షోభంలో మూతబడే పరిస్థితికి వచ్చింది. 2009లో విజబైరా గ్రూపు కొని నిలబెట్టింది. రెండేళ్లు తిరిగేసరికి దేశమే మళ్లీ చెయ్యి చాచింది. 2011 మేలో యూరోపియన్ యూనియన్, ఐఎమ్ఎఫ్‌ల నుంచి 7,800 కోట్ల యూరోల సాయం. జులైలో, దేశాల అప్పులకు మార్కులు వేసే మూడీస్ సంస్థ పోర్చుగల్ బాండ్లను చెత్త స్థాయికి దించింది. 2012లో ప్రభుత్వోద్యోగులకు అక్కడ ఏటా అలవాటుగా వచ్చే 13వ, 14వ నెలల జీతాల్లో కోత. ఆ కోత చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం జులైలో తీర్పు చెప్పింది. సెప్టెంబరులో కార్మికుల సామాజిక భద్రత వాటాను జీతంలో 11 శాతం నుంచి 18 శాతానికి పెంచుతామంటే దేశమంతా వీధుల్లోకి వచ్చింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1875 కార్టూన్‌లో పళ్లెం పట్టుకున్న మంత్రి, బుర్ర గోక్కునే జే ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఈసారి జే జేబులో చెయ్యి పెట్టలేదు, అంతే తేడా.

ఇక ప్రశ్నలు.

(ప్రేక్షకుల్లోంచి: ఇంతగా వెక్కిరించి ఆయన సాధించిందేమిటి? అప్పులు తగ్గాయా?)

తగ్గలేదు. ఆయన కార్టూన్ చూసి ఏ మంత్రీ బడ్జెట్ మార్చలేదు. 1891 జనవరిలో పోర్తు నగరంలో గణతంత్రవాదుల తిరుగుబాటు జరిగింది, విఫలమైంది. ఆ తర్వాత ఒత్తిడి పెరిగి ఆయన పత్రిక 'పోంతుష్ నుష్ ఈష్' ఆగిపోయింది. అంటే అధికారంలో ఉన్నవాళ్లకు ఎక్కడో తగులుతోందనే కదా. 1910లో రాచరికం కూలింది, అప్పటికి ఆయన లేడు. అందులో ఆయన వాటా ఎంత అంటే నేను లెక్కకట్టను, అలాంటి లెక్కలు వేసేవాళ్లను నమ్మను కూడా. వ్యంగ్యాన్ని ఫలితాలతో కొలిస్తే ప్రపంచంలో ఒక్క కార్టూనిస్టు కూడా పాసవ్వడు.

(ప్రేక్షకుల్లోంచి: జే పొవిన్యు రైతు కదా. అప్పటి స్త్రీల మాటేమిటి?)

మంచి ప్రశ్న. ఇందాక చెప్పాను చూడండి, ఓపికమ్మ. ఆమె ఉంది, కానీ జేకి దక్కిన చోటు ఆమెకు దక్కలేదు. చిల్లర దొరకనప్పుడు కొట్టుకెళ్లి అరువడిగే పని ఎక్కువగా ఎవరి మెడకు చుట్టుకుంటుందో మీకూ తెలుసు. ఆ మనిషిని బొర్దాలు గీయాల్సినంత గీయలేదు. ఆయన అక్క మరీయ ఔగుష్తా కూడా కళాకారిణే, లేసు పనిలో, అలంకరణలో పేరున్న మనిషి. అన్నదమ్ముల గురించి పుస్తకాలున్నంతగా ఆమె గురించి లేవు.

(ప్రేక్షకుల్లోంచి: ఆ క్యాబేజీ గిన్నెలు ఇప్పటికీ దొరుకుతాయా? వాడుకోవచ్చా?)

దొరుకుతాయి. ఫ్యాక్టరీ ఇప్పటికీ పాత నమూనాల ఆధారంగా చేస్తోంది. వాటిని ఇప్పటి ఆహార భద్రత నియమాల ప్రకారం చేస్తారు కాబట్టి వాడుకోవచ్చు. 19వ శతాబ్దం నాటి అసలు ముక్క ఎక్కడైనా వేలంలో దొరికితే మాత్రం గోడకు తగిలించుకోండి, అల్మారాలో పెట్టుకోండి, అందులో ఏదీ తినకండి. ఆ తళతళకు కారణం సీసం. పులుపు తగిలితే సీసం ఊరి తిండిలోకి దిగుతుంది. పులుసు, పచ్చడి లాంటివైతే అసలే వద్దు.